పైఇంటి టెంక

మా యుర్దో ఊళ్లో చులి పండు తినడానికి ఎవరినీ అడగక్కర్లేదు. కిందనుంచి వచ్చే లారీ డ్రైవర్లు వీటిని ఆప్రికాట్లంటారు. దారిన పోయేవాడు ఏ గోడ మీదుగా చెయ్యి చాచినా, ఏ కొమ్మ దులిపినా కాదనేవాళ్లుండరు. కట్టుబాటు ఒక్కటే. తిన్నాక టెంకను ఆ చెట్టు కిందే ఉమ్మెయ్యాలి. టెంకలో పప్పుంది, పప్పులో నూనె ఉంది. చలికాలమంతా వంటకీ, ఒంటికీ, గుళ్లో దీపానికీ ఆ నూనే. కాబట్టి కడుపునిండా తిని పోయినవాణ్ణి అతిథి అంటాం, ఒక్క టెంక జేబులో వేసుకున్నవాణ్ణి దొంగంటాం. మంచి కట్టుబాటే. కాకపోతే మంచి కట్టుబాట్లు కూడా మా ఊళ్లో చివరికి పెద్దిళ్ల పనికే వస్తాయి. కుంజెస్ విషయంలో జరిగింది అదే.

కుంజెస్ మా కింది వాడ మనిషి. చిన్న వయసులోనే పైఇంటికి కోడలిగా వెళ్లింది. పైఇల్లంటే ఊరికి పైన, కాలువ మొదట్లో ఉన్న ఇల్లు. నీళ్లు ముందు వాళ్లకి పారి, మిగిలితే మాకు. వాళ్ల వాకిట్లో తెల్ల టెంక చులి చెట్టుంది. మామూలు చులి టెంక గోధుమ రంగులో ఉంటుంది, దీనిది ఉడికించిన గుడ్డంత తెలుపు. పండు తేనె, పప్పు బాదం. చలికాలం ఉత్సవంలో గుడి దీపాల ముందు మొదటి పళ్లెం ఆ చెట్టుదే పెట్టాలి. ఆ పళ్లెం వల్లే వాళ్లు పైఇంటివాళ్లయ్యారో, పైఇంటివాళ్లు కాబట్టి ఆ పళ్లెం వాళ్లదయిందో నాకు తెలియదు.

అక్కడ కుంజెస్ కొన్నేళ్లు చేసింది. ఎండాకాలం వస్తే తెల్లారకముందే రాలిన పండు ఏరడం, చీల్చడం, మిద్దె మీద పరచడం, ఒక్కో ముక్కా తిరగెయ్యడం, వాన మబ్బు కనిపిస్తే పరిగెత్తి ఎత్తడం. ఆ ఇంటి ఎండు చులి నల్లబడదని లేహ్ దాకా పేరొచ్చింది ఆమె చేతుల వల్లేనని మా అమ్మ అనేది. పిల్లలు పుట్టలేదు. అత్త యాంగ్‌డోల్ ఎదురుచూసింది, మందులిప్పించింది, పూజలు చేయించింది, చివరికి పంపించేసింది. అప్పుడు కూడా ఆ ఏటి చులి అంతా ఎండి, బస్తాల్లోకి ఎక్కాకే పంపించింది. మొగుడు తుండుప్ ఆ రోజు గడ్డి కోతకు పోయాడు. గడ్డి మర్నాడు కూడా అక్కడే ఉండేది.

ఆమె దిగివస్తుంటే ఊరు గోడల మీదనుంచి చూసింది. యాంగ్‌డోల్ వాకిట్లో నిలబడి అనాల్సినవన్నీ అంది. కుంజెస్ ఒక్క మాటకీ బదులివ్వలేదు. పెదాలు బిగించి, తల పైకెత్తి, వీపున తన మూట వేసుకుని నదిదాకా నడిచింది. సిగ్గుతో నోరు పెగల్లేదని అనుకున్నారు. ఆ మాట నా చిన్నతనమంతా విన్నాను. కోడళ్లకు బుద్ధి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, చూశావుగా కుంజెస్ ఎలా నోరుమూసుకుని పోయిందో, అనేవాళ్లు.

తమ్ముడు ఆమెకు సింధు ఒడ్డున మేకలపాక ఇచ్చాడు. పాక చుట్టూ రాళ్లు తప్ప మరేమీ లేవు. ఆ రాళ్లనే ఏరి గోడ కట్టింది. వరద తగ్గాక నది వదిలిన ఒండ్రును బుట్టలతో మోసి మడి చేసింది. కాలువ నీళ్లు అక్కడికి రావడమంటే ఊరందరి దాహం తీరాక రావడమే. రానప్పుడు నదినుంచి నూనె డబ్బాలతో మోసుకునేది. ఆ మడి మధ్యలో, గోడ నీడన, ఒక చులి మొక్క లేచింది.

టెంకనుంచి లేచిన మొక్కను మా దగ్గర ఎవరూ అలా వదిలెయ్యరు. మంచి చెట్టు పుల్ల తెచ్చి అంటు కడతారు, లేకపోతే పులుపో చేదో ఏది కాస్తుందో ఎవరికి తెలుసు. అంటు కట్టమని ఆమెకూ చెప్పారు. మంచి పుల్లంటే పైఇంటి పుల్లే. ఆమె అడగలేదు. కాసిందే తింటానని చెప్పి నీళ్లు పోస్తూ పోయింది.

ఆ చెట్టు మొదటిసారి పూసినప్పుడు ఊరు నవ్వింది. మా ఊళ్లో చులి పూత అంటే బార్లీ విత్తుతుండగానే వస్తుంది. పొద్దున్న మోడుగా కనిపించిన కొమ్మ సాయంత్రానికి తెల్లబడుతుంది. లోయంతా అలా తెల్లబడి, గాలికి రాలి, కాలువ నిండా రేకులు కొట్టుకుపోతున్నా కుంజెస్ చెట్టు మాత్రం కదల్లేదు. చచ్చిందనుకున్నారు. అందరి చెట్లకూ ఆకులొచ్చాక అప్పుడు పూసింది.

"ఆచే, చలికాలం అయిపోయిందని నీ చెట్టుకి ఎవరూ చెప్పలేదా?" అని అడిగింది స్పల్జెస్, కుంజెస్ పక్క మడి ఆవిడ. మా దగ్గర అక్కను ఆచే అంటాం.

"చెప్పారు. అది నమ్మలేదు" అంది కుంజెస్.

పండు కూడా ఊరి పళ్లలా లేదు. కాస్త చిన్నది, ఎండ తగిలిన చెంప ఎర్రగా ఉంటుంది, కొరికితే గట్టిగా ఉండి ఆ తరవాత తియ్యనవుతుంది. పప్పు తీపి. ఎండబెడితే నల్లబడదు. లోపమల్లా ఒకటే, టెంక కండను వదలదు. మిగతా చులిని రెండు వేళ్లతో నొక్కితే రెండు చెక్కలై టెంక బయట పడుతుంది. దీన్ని కత్తితో గీకాలి. పండు కూడా నీలాంటిదే, పట్టింది వదలదు, అని స్పల్జెస్ ఎత్తిపొడిచేది. కుంజెస్ ఆ మాటకు సంతోషించేది.

తరవాత ఆ రెండు వసంతాలు వచ్చాయి. మొదటి ఏడు పూత విరగబూసిన వేళ గాలి ఆగిపోయి, ఆకాశం తేటపడి, గడ్డమంచు దిగింది. తోటల్లో తడి గడ్డీ పేడా కాల్చి పొగపెట్టాం. కళ్లు మండాయి గానీ పూత దక్కలేదు. పువ్వు చూడ్డానికి తెల్లగానే ఉంటుంది, రేకులు విప్పి చూస్తే నడుమ పిందె కట్టాల్సిన చోట నల్లగా మాడిపోయి ఉంటుంది. అందరికంటే ముందు పూసేది పైఇంటి తెల్ల టెంక, అందుకే అది అందరికంటే పూర్తిగా పోయింది. మరుసటి ఏడు మళ్లీ అదే. ఆ రెండేళ్లూ ఊళ్లో చులి కాసింది సింధు ఒడ్డున, రాళ్ల మధ్య, ఒక్క చెట్టుకే. కొమ్మలకు ఊతకర్రలు పెట్టాల్సి వచ్చింది.

నవ్వినవాళ్లే పుల్లలకు వచ్చారు. కుంజెస్ ఒక్కరినీ కాదనలేదు. చలి విరగకముందు, మొగ్గ నిద్రలో ఉండగా తనే కొమ్మలెక్కి పెన్సిలంత పుల్లలు కోసింది, తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. బదులుగా ఏమీ తీసుకోలేదు. కానీ ఎవరికి కావాలో వాళ్లే వచ్చి అడగాలంది. స్పల్జెస్ అడిగింది, మా నాన్న అడిగాడు, గోబా ముతుప్ కూడా, అంటే మా ఊరి పెద్ద, గోడ దగ్గర నిలబడి దగ్గి, తల గోక్కుని అడిగాడు.

పైఇంటినుంచి పాలేరు వచ్చాడు. యాంగ్‌డోల్ పుల్లలు తెమ్మందని చెప్పాడు. కావాల్సినవాళ్లని రమ్మనమని కుంజెస్ అతనికి టీ ఇచ్చి పంపించింది. ఆ మాట పైకి చేరాక యాంగ్‌డోల్ అన్నదేమిటో ఊరంతా విన్నది. నేను వెళ్లగొట్టినదాని గుమ్మంలో నేను నిలబడాలా, అంది. ఆ వెంటనే వచ్చిన ఉత్సవంలోనూ మొదటి పళ్లెం పైఇల్లు పెట్టలేదు, అలా అది రెండో చలికాలం. ఎవరో వేరేవాళ్లు పెట్టిన పళ్లెంలో కుంజెస్ చెట్టు చులే ఉంది. యాంగ్‌డోల్ అందులోంచి ఒకటి తీసుకుని, టెంక పగలగొట్టి, పప్పు నోట్లో వేసుకుందట. చాలాసేపు నమిలిందట. ఆ మర్నాడే గోబా దగ్గరికి కబురు పంపింది. ఆ పప్పు మా ఇంటి పప్పు, ఆ టెంక మా టెంక, కాబట్టి చెట్టు మాది.

ఊరు అది విని ముందు నవ్వింది, తరవాత నవ్వడం మానేసింది. పైఇంటి మాట అలాంటిది. కట్టుబాటు ప్రకారం టెంక ఇంటివాళ్లది. పెద్దవాళ్లు గడ్డాలు నిమురుకున్నారు. విత్తనాలు చల్లేముందు సభ పెడతామన్నారు. తేలాల్సింది ఒక్కటే, ఆ చెట్టు కుంజెస్‌కు ఉంటుందా, పోతుందా. ఆమెకు అది కాక మేకలపాక ఉంది, నది ఉంది.

నేను ఆమె పాకకు వెళ్లాను. చదువు మానేసినా దొరికిన కాగితమల్లా చదివే అలవాటు నాది. చులి టెంక తల్లిలా మొలవదని ఎక్కడో చదివాను. ఏ చెట్టు పుప్పొడిని ఏ తేనెటీగ తెచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి పిల్ల వేరుగా కాస్తుంది. అందుకే కుంజెస్ చెట్టు టెంక గోధుమ రంగు, పైఇంటిది తెలుపు. రెండూ పక్కపక్కన పెడితే గుడ్డివాడు కూడా ఒక ఇంటివంటే నమ్మడు. అదే సభలో చెప్పమన్నాను. టెంక నదిలో కొట్టుకొచ్చిందని చెప్పు, మన కింది వాడలో చాలామంది సాక్ష్యం చెప్తారన్నాను. ఆమె ఊలు వడుకుతూ విన్నది.

"తేనెటీగ తెచ్చిందా" అంది. "నాకు తెలియదు నోనో. పిల్లకు తల్లి పోలిక రాకపోవచ్చన్నమాట."

తమ్ముడిలాంటివాణ్ణి నోనో అంటాం. అంతే అంది. ఒప్పుకుందనుకుని వచ్చేశాను.

సభ గోబా వాకిట్లో జరిగింది. మగవాళ్లు గోడ వెంట, ఆడవాళ్లు ధాన్యం కొట్టే రాయి పక్కన. యాంగ్‌డోల్ కోసం తివాచీ వేశారు. తుండుప్ తల్లి వెనక కూర్చున్నాడు. అతనికి మళ్లీ పెళ్లయింది, పిల్లలున్నారు, మాట మాత్రం ఇంకా రాలేదు. గోబా ఒక పళ్లెంలో రెండు టెంకలు పెట్టి అందరికీ చూపించాడు. ఒకటి తెల్లగా, ఒకటి గోధుమగా. నేను చెప్పిన తేనెటీగ సంగతి ఎవరో తమదిగా చెప్పారు. జనంలో నవ్వు లేచింది. గోబా ముఖం విప్పారింది. గొడవ లేకుండా తెమిలిపోయేలా ఉంటే మా గోబా అంత న్యాయమూర్తి లేడు.

"కుంజెస్, ఈ టెంక పైఇంటిది కాదని ఒక్కమాట చెప్పు. టీ కాగుతోంది, తాగి పోదాం" అన్నాడు.

కుంజెస్ లేచి నిలబడింది.

"వాళ్లదే" అంది.

నవ్వు ఆగిపోయింది. గోబా ఏదో తప్పుగా విన్నట్టు చెయ్యి చెవికి పెట్టుకున్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. పైఇల్లు వదిలిన రోజు వాకిట్లో తెల్ల టెంక చెట్టు కింద ఒక పండు మిగిలుంటే తీసుకుని తిన్నానని, టెంక కింద ఉమ్మలేదని, బుగ్గన పెట్టుకుని నదిదాకా నడిచానని. అప్పుడర్థమైంది నాకు, ఆ రోజు ఆమె ఎందుకు బదులివ్వలేదో. ఇన్నేళ్లూ కోడళ్లకు నేర్పిన సిగ్గు ఒక చులి టెంక.

"దొంగ" అంది యాంగ్‌డోల్. అరవలేదు. గెలిచినవాళ్లు అరవరు.

"అవును. దొంగతనమే" అంది కుంజెస్. "ఆ ఇంట్లో నేను ఎండబెట్టిన చులి ఎన్ని గాడిదలు మోశాయో మీకు తెలుసు. మూట విప్పి చూసి పంపించారు. అందుకే నోట్లో పెట్టుకున్నా. ఇప్పుడు రంగు వేరు కాబట్టి మీది కాదని నేనంటే, నేనక్కడ లేనట్టే కదా. నేనున్నా. టెంక మీదే. తీసుకోండి." పళ్లెంలోంచి గోధుమ రంగు టెంక తీసి యాంగ్‌డోల్ ఒళ్లో వేసింది. "ఒకటి తెచ్చా, ఒకటి ఇచ్చా. చెట్టు నాది."

యాంగ్‌డోల్ ఒళ్లోని టెంకను విసిరికొట్టింది. నేనడిగింది టెంక కాదు, దానిలోంచి వచ్చిందంతా, అంది. ఆవు దూడను దొంగిలించి పెంచి, పాలు పితుక్కుని, దూడంత తోలు తిరిగి ఇస్తే సరిపోతుందా అని గోబాను అడిగింది. అది కూడా సమంజసంగానే వినిపించింది. అదే విసుగు, పెద్దిళ్లవాళ్లకు మాట ఎప్పుడూ సమంజసంగానే వస్తుంది. నీళ్లెవరు పోశారని కుంజెస్ అడిగింది. పోసింది నువ్వే, విత్తు మాత్రం మాదని యాంగ్‌డోల్ వైపునుంచి ఎవరో అందుకున్నారు.

పెద్దలు తలలు దగ్గర పెట్టుకున్నారు. ఏం తేలుస్తారో నాకు ముందే తెలుసు. మా పెద్దలకు న్యాయమంటే ఎప్పుడూ సగమే. ఏ తగువైనా సగానికి కోస్తారు, ఏ సగం ఎవరి ఒంట్లోదో చూడరు. ఏటా పండులో సగం పైఇంటికని గోబా చెప్పాడు. కుంజెస్ ఒప్పుకోనంది. ఒప్పుకోకపోతే ఊరు నిప్పూ నీళ్లూ ఇవ్వదని చెప్పాడు. మా దగ్గర అది చిన్న మాట కాదు. ఎవరూ ఆ ఇంటి గడప తొక్కరు, పొలంలో చెయ్యి సాయం ఉండదు, చస్తే శవాన్ని మోసేవాళ్లుండరు.

"నీళ్లు నాకెప్పుడూ ఆఖర్నే ఇచ్చారు" అంది కుంజెస్. "ఇవ్వకపోయినా నాకు పెద్ద తేడా తెలియదు. నిప్పు నా దగ్గరుంది. శవం సంగతంటారా, నది పక్కనే ఉంటున్నా, నేనే దిగిపోతా. సగం మాత్రం ఇవ్వను. సగమంటే సగం దొంగననా, సగం మనిషిననా?"

 ఆమె శాలువా సర్దుకుని వెళ్లిపోబోయింది. అప్పుడు స్పల్జెస్ కూర్చున్నచోటినుంచే, చేతిలో ఊలు దించకుండా, పిలుపు చివర మర్యాదకు లే చేర్చి అడిగింది.

"గోబా-లే, నా వాకిట్లో చెట్టుకి ఆమె ఇచ్చిన పుల్లతో అంటు కట్టా. అది కూడా ఆ టెంకదే కదా. దానిలో కూడా సగం పైకి పంపాలా?"

గోబా ముఖం చూడాల్సింది. ఆయన వాకిట్లో కూడా, మా అందరికీ కనిపించేలా, గుడ్డ కట్టిన అంటు ఒకటుంది. జనం తలలు ఒక్కటొక్కటిగా దానివైపు తిరిగాయి. ఎవరి వాకిట్లో ఎన్ని కట్టుకున్నారో ఎవరికివాళ్లు లోపల లెక్కపెట్టుకున్నారు. ఒక్క కుంజెస్ నోటి దగ్గర సగం కోసేటప్పుడు ఎంత తేలిగ్గా ఉందో, తమ నోటి దగ్గరికి రాగానే ఎంత కష్టమైందో. పెద్దల్లో ఒకాయన పాత కట్టుబాటులో అంటు సంగతి లేదన్నాడు. ఇంకొకాయన, టెంకకు టెంక ఇచ్చేసింది కదా, అన్నాడు. తివాచీ మీద యాంగ్‌డోల్ ఒక్కో ముఖం చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు.

ఏమీ తేల్చకుండా సభ ముగించారు. మా వాళ్ల ధైర్యం అంతే, తప్పు దిద్దుకోరు, తప్పు చెయ్యడం ఆపి టీ తాగుతారు. నిప్పూ నీళ్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కుంజెస్ ఆ టీ తాగలేదు.

ఆ వసంతం కూడా మంచు దిగింది, ముందటంత కాదు గానీ పైఇంటి చెట్టుకు సరిపోయేంత. ఊరి పూతంతా రాలాక కుంజెస్ చెట్టు పూసింది. తేనెటీగల మోత దారిదాకా వినిపించేది. గోడ ఎత్తు పెంచడానికి ఆమెకు రాళ్లందిస్తున్నాను. యాంగ్‌డోల్ దిగి రావడం ముందు నేనే చూశాను. పాలేరు లేడు, కొడుకు లేడు. కర్ర ఊతంతో, కాలువ గట్టు వెంట, రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చింది. గోడకు అవతలే నిలబడి చెట్టును చూసింది. పువ్వు ఒకటి తుంచి, గోటితో చీల్చి, నడుమ పచ్చగా ఉందో లేదో చూసింది. పచ్చగానే ఉంది.

కుంజెస్ చేతులు తుడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్లింది. కోడలిగా ఉన్నప్పుడు ఆమెను ఆమా, అంటే అమ్మా, అనేది. ఇప్పుడు ఊరందరిలాగే ఆబీ, అంటే అవ్వా, అంది, టీ తాగుతావా ఆబీ అని. ముసలామె తాగనంది. కర్రను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. అడగడానికి ఆమె ఎంత కష్టపడిందో నాకు కనిపించింది. జాలి పడదామని చూశాను, రాలేదు.

"నాకు పుల్లలు కావాలి" అంది చివరికి. "నేనే అడుగుతున్నా. ఇవ్వు."

"ఇస్తా" అంది కుంజెస్. "కానీ ఇప్పుడు కాదు, పూత వచ్చేసింది. ఇప్పుడు కోస్తే పుల్ల అంటుకోదు, నీకూ తెలుసు. మొగ్గ నిద్రలో ఉన్నప్పుడు రావాలి. వచ్చే చలికాలం చివర్న."

"పాలేరును పంపిస్తాలే."

"వద్దు. అప్పుడూ నువ్వే రా" అంది కుంజెస్, వంగి తరవాతి రాయి ఎత్తుకుంది.